దొరసాని తినే పురుగు

ఆ వీధిలో ఆమెను అందరూ రఫూ అత్త అనేవారు. వరస కలవనివాళ్లు కూడా అలాగే అనేవారు. చిరిగిన బట్టను, ఆ బట్ట అంచులోంచే లాగిన దారంతో, చిరుగు కనబడకుండా మళ్లీ నేయడం ఆమె పని. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల. బల్ల మీద దీపం, మూడు చెక్క చట్రాలు, సన్న సూదులు గుచ్చిన నల్లగుడ్డ, కంటికి బిగించుకునే భూతద్దం. ముప్పయ్యేళ్లలో కుర్చీ ఒక్కటే మారింది.

కోటు తెచ్చినవాడు ఎప్పుడూ ఒకే మాట అంటాడు. "ఎలా అయిందో తెలీదండీ." ఆమె బట్టను వెలుగుకు పట్టి చూస్తుంది. కన్నం ఎవరి పనో చెబుతుంది. గుండ్రంగా, శుభ్రంగా, అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే బొచ్చుపురుగు. నూలు పైపైన గీరినట్టుండి, నడుమ బూజులాంటి పోగులుంటే చిమ్మట పిల్ల. అంచు పీకినట్టుంటే కీచురాయి. అది కూడా బట్ట కోసం కొరకదు, బట్ట మీద ఒలికిన పులుసు కోసం కొరుకుతుంది. కన్నం చుట్టూ గోధుమరంగు వలయం ఉంటే అది ఏ పురుగూ కాదు, సిగరెట్టు.

"మీ ఆవిడకి చిమ్మట అని చెప్పనా?" అని అడుగుతుంది ఆ చివరి రకం వాళ్లను.

"చెప్పండి, పుణ్యముంటుంది."

"చెప్తాను. ఆవిడ నమ్మడం, నమ్మకపోవడం మీ అదృష్టం."

ఈ విద్య పెదనాన్న దగ్గర నేర్చుకుంది. సూది పట్టనిచ్చేముందు ఏడాది పాటు ఆయన ఆమెకు కన్నాలు చూపించాడు. కొరికిందెవరో తెలియకుండా పూడిస్తే, అది మడతలో దాక్కునే ఉండి, నువ్వు నేసినదాన్నే మళ్లీ తింటుంది అనేవాడు. అందుకని ఆమె ముందు దొంగను పట్టుకుంటుంది, తర్వాత సూది పట్టుకుంటుంది. దొరికిన పురుగును చెప్పు కింద నలిపేస్తుంది.

"అన్నం పెట్టినవాళ్లని అలా చంపుతావేంటమ్మా?" అనేది కూతురు, చిన్నప్పుడు.

"పని ఇచ్చారు. పని అయిపోయింది. ఇంకా ఇక్కడేం పని వాళ్లకి?"

కూతురు ఇప్పుడు ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తోంది. ఎనిమిది నెలల క్రితం ఒక లిఫ్టు మెకానిక్కును పెళ్లి చేసుకుంది. కొత్త దంపతులు ఆ ఇంటి పై గదుల్లోనే కాపురం పెట్టారు. అల్లుడు రెండు పెట్టెలు, ఒక పనిముట్ల సంచి, మనిషి నడుమెత్తు వల పంజరం తెచ్చుకున్నాడు. పంజరంలో కొమ్మలు, ఆకులు. ఆకుల మధ్య ఊసరవెల్లి. పేరు దొరసాని. నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగూ నేలకు దానమిస్తున్నట్టు వేస్తుంది కాబట్టి ఆ పేరు.

వార్త విని రఫూ అత్త వాళ్ల అక్క ఫోను చేసింది. "ఏమే, ఊసరవెల్లిని పెంచుకునేవాడికా పిల్లనిచ్చావు?"

"రంగులు మార్చడానికి ఇంట్లో ఒకటి ఉందిగా అక్కా. ఇక మనిషికి ఆ అవసరం ఉండదు."

అక్క నోరు మూయించింది కాని, ఆమె మనసు మూతపడలేదు. దొరసాని తిండి కీచురాళ్లు. అల్లుడు వాటిని పెంపకందారు దగ్గర డబ్బాల లెక్కన తెచ్చేవాడు. పెళ్లయిన రెండో నెలలో ఒక డబ్బా మూత జారింది. మర్నాడు ఖాతాదారు కోటు మోచేతి దగ్గర, పీకినట్టున్న అంచుతో, ఒక కన్నం. ఆమె దాన్ని రెండు రోజులు కూర్చుని పూడ్చింది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. అల్లుణ్ణి ఏమంటాం? అతనూ తెలిసి కూడా ఏమనలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా "భోంచేశారా?", "చేశానండీ" తప్ప వేరే మాట లేదు. కూతురు మధ్యలో తంతి తపాలాలా ఇటూ అటూ తిరిగేది.

అలాంటిది, ఒక సెలవు రోజు ఉదయం అల్లుడు ఒక గిన్నె మూత రెండు చేతులా పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. మూతలో పురుగులు మెదులుతున్నాయి.

"అత్తయ్యగారూ, మీరు పనిలో ఉన్నప్పుడు అడగకూడదు. ఇవేంటో కాస్త చూసి చెప్తారా?"

ఆమె కోటు పక్కన పెట్టింది. "ఎక్కడివి?"

"పెరట్లో ఎరువు డ్రమ్ములోవి. మూత తీస్తే బోలెడున్నాయి."

"వీటితో ఏం పని మీకు?"

అతను చెప్పాడు. కీచురాళ్ల పెంపకందారు దగ్గర ఏదో తెగులు వచ్చి అన్నీ ఒక్క వారంలో చచ్చిపోయాయి. ఎండబెట్టిన పురుగులు కొనితెస్తే దొరసాని అటు తల తిప్పలేదు. కదలనిదాన్ని అది తిండి అనుకోదు. పైగా కడుపుతో ఉంది. గుడ్లు పెట్టాలి. ఈ రోజుకు అయిదు రోజులైంది ఏమీ తినక.

"పశువుల డాక్టరు ఏమన్నాడు?"

"పెట్టేముందు తిండి తగ్గడం మామూలే అన్నారు. కాని గుడ్లకి ఇంకా టైముందట. ఇప్పుడే మానేస్తే పెట్టే ఓపిక ఉండదు, కడుపులోనే ఉండిపోతాయి అన్నారు. ఇంకో నాలుగు రోజులు చూడమన్నారు. ఆ తర్వాత..." అతను మూత బల్ల మీద పెట్టాడు. "పన్నెండంతస్తుల మీద తాడు తెగినా ఇంత భయపడనండీ నేను."

ఎనిమిది నెలల్లో అతను అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదలు. ఆమె భూతద్దం కంటికి బిగించింది.

పురుగు మందంగా, బల్లపరుపుగా ఉంది. పాలిపోయిన గోధుమరంగు. తల చిన్నది, మొన తేలింది. ఒంటి మీద ఉంగరాల్లా మడతలు. సూది కొసతో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. తల పోగా పదకొండు. చర్మం తోలులా గట్టిగా ఉంది. కుచ్చులు కట్టిన బొచ్చు లేదు, పొట్టి గరుకు నూగు మాత్రం ఉంది. బొచ్చుపురుగు కాదు. చిమ్మట పిల్లా కాదు. మామూలు ఇంటీగ పిల్లకు ఇలా విడిగా తల ఉండదు.

"కోట్లలో దొరుకుతాయే, ఆ చిమ్మట పిల్లలు పెట్టొచ్చాండీ?" అన్నాడు అతను, ఆశగా.

"వద్దు. ఆ పురుగు మంచిదే. కాని ఆ కోటుకి ఎవరు ఏ మందు కొట్టారో నాకేం తెలుసు? పురుగు పొట్టలో ఉన్నదే దీని పొట్టలోకి పోతుంది." మళ్లీ మూత వైపు చూసింది. "వీటిని ఇలా వదిలెళ్లండి. రేపు చెప్తాను."

ఆమెకు తెలిసిన దారి ఒక్కటే. మూడు గాజు గ్లాసులు తీసి ఒకదాంట్లో ఉన్ని ముక్క, ఒకదాంట్లో పట్టు ముక్క, ఒకదాంట్లో నూలు ముక్క వేసింది. ఒక్కోదాంట్లో నాలుగేసి పురుగులు వదిలింది. పైన పలచటి గుడ్డ కట్టింది. కొరకనీ, కొరికితే కన్నం చూస్తాను. కన్నం చూస్తే పేరు తెలుస్తుంది.

తెల్లారి చూస్తే ఏ ముక్క మీదా పంటి గాటు లేదు. పురుగులన్నీ బట్ట కిందకి దూరి, వెలుతురు తగలకుండా హాయిగా పడుకున్నాయి. దుప్పటి కప్పుకున్నట్టు.

"ఏమైందమ్మా?" అంది కూతురు, డ్యూటీకి చెప్పులేసుకుంటూ.

"బట్ట తినని పురుగుల్ని ఏం చేసుకోను నేను?" అంది ఆమె. ఆ గొంతులో కాస్త అవమానం కూడా ఉంది.

"తెలీదని చెప్పు. నీకేం పోయింది?"

"నాకేం పోదు. పైనున్నదానికి పోతుంది."

ఆ రోజు ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. మూడు పురుగులను సూదుల డబ్బాలో వేసుకుని, వీధి చివరి పార్కుకు వెళ్లింది. అక్కడి తోటమాలికి ఆమెతో పరిచయముంది. అతని చలికోటుకు ఆమె రెండుసార్లు మోచేతులు నేసింది. ఆకులు కుళ్లబెట్టే గుంట పక్కన పార ఆనించి, డబ్బాలోకి ఒక్క చూపు చూసి అన్నాడు.

"ఇవా? నల్ల ఈగ పిల్లలు. చెత్త ఎక్కడుంటే అక్కడుంటాయి. కుట్టవు, కరవవు. ఇవి పెద్దయితే వచ్చే ఈగకి అసలు తిండే అక్కర్లేదు, ఇంట్లోకీ రాదు. మా వదినవాళ్లు కోళ్లకి పెడతారు. పెట్టినప్పటినుంచి గుడ్డు పెంకు రాయిలా ఉంటోందట."

"పెంకు గట్టిపడిందా?"

"సున్నం ఉంటుందట వీటిలో. నాకేం తెలుసు, మా వదిన అంటుంది. ఆవిడ అన్నీ అంటుంది."

"నువ్వు చెప్పింది విన్నాను. చూసి నమ్ముతాను. ఆ ఈగని చూపించు."

"ఇదిగో, ఈవిడొకరు. కోటు కూడా పాడైందంటే నమ్మరు, ముందు కన్నం చూడాలి." గొణుక్కుంటూనే గుంట అంచున పారతో మట్టి కదిపాడు. అక్కడ ఎండిన నల్లటి తొడుగు ఒకటి ఉంది. దాని పక్కనే, అప్పుడే బయటికొచ్చి రెక్కలార్చుకుంటున్న ఈగ. సన్నగా, నల్లగా, కందిరీగలా ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం పెట్టింది. నడుము దగ్గర చర్మంలో రెండు చిన్న గాజు కిటికీలు. వాటి గుండా ఆకు కనబడుతోంది. తర్వాత తొడుగు మీద మడతలు లెక్కపెట్టింది. పదకొండు. డబ్బాలో పురుగు మీద మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు. అంచులోని దారం, కన్నం చుట్టూ ఉన్న దారం ఒకటేనని తేల్చుకున్నప్పుడు కలిగే నెమ్మది కలిగింది.

"ఈ గుంటలోవే కొన్ని తీసుకోనా?"

"వద్దు అత్తా. మొన్ననే చెట్లకి మందు కొట్టాం. ఆ ఆకులే ఇందులో పడ్డాయి."

సాయంత్రం అల్లుడు రాగానే, అతను అడక్కముందే చెప్పింది. నల్ల ఈగ పిల్లలు, విషం లేదు, పెట్టొచ్చు, గుడ్లకి మంచిది కూడా. అతని మొహం లిఫ్టు తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంది. చొక్కా మార్చుకోకుండానే పెరట్లోకి వెళ్లి, డ్రమ్ములోంచి పదిహేను తీసి, కడిగి, గిన్నెలో వేసుకుని మేడ మెట్లెక్కాడు. వెనకే ఆమె కూడా ఎక్కింది. ఎనిమిది నెలల్లో ఆ పంజరం దగ్గరకు రావడం అదే మొదటిసారి.

దొరసాని కొమ్మ మీద ఉంది. ముదురాకుపచ్చ ఒంటి మీద పసుపు చుక్కలు. పొట్ట పక్కలకు గుడ్లు ఉబ్బి, చర్మం కింద గోలీలు నింపిన సంచిలా ఉంది. కళ్లు మాత్రం కాస్త లోతుకు పోయాయి. ఒక కన్ను తిరిగి ఆమెను చూసింది. రెండో కన్ను అల్లుణ్ణి చూసింది. అల్లుడు పట్టకారుతో ఒక పురుగు తీశాడు. ఆ పురుగు ఒంటికి ఏదో సన్నటి పోగు అంటుకుని వేలాడుతోంది. నీలం పోగు.

అది నిన్న ఆమె ఊడ్చిన నీలం ఉన్ని.

"ఆగండి," అంది.

అతను ఆగాడు.

 డ్రమ్ములో ఏం వేయాలో, ఏం వేయకూడదో ఆ ఇంట్లో చెప్పేది ఆమే. గ్రీజు గుడ్డ ఒకటి వేశాడని, కూతురి ద్వారా, అల్లుడికి ఒక పూట పాఠం చెప్పించింది కూడా. ఉన్ని కూడా ఒక జీవి ఒంటి బొచ్చేగా, మట్టిలో కలుస్తుందిలే అని, బల్ల కింద ఊడ్చిందంతా ఆమె ఆ డ్రమ్ములోనే వేస్తోంది. ట్రంకుపెట్టెల్లోంచి వచ్చే కోట్లు. వాటి జేబుల్లో కలరా ఉండలు. దులిపితే రాలే తెల్లటి పొడి. ఆ పొడి కూడా చీపురుకు వచ్చేది.

"నేను వేశాను," అంది. "కలరా ఉండల పొడి. నెలల తరబడి. డ్రమ్ములో."

అల్లుడు పట్టకారు వైపు చూశాడు. "పురుగులు బానే బతికున్నాయి కదండీ?"

"అవి బతికాయి. బతికినవాటి ఒంట్లోనే ఉంటుంది. చచ్చినవాటిని మీరెలాగూ పెట్టరు."

 ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఊరి కోట్లన్నిటికీ మందు సంగతి అడిగిన మనిషి, తన చీపురును అడగలేదు.

అతను పురుగును మెల్లగా గిన్నెలో వేశాడు. "నా కీచురాయి మీ కోటు తినేసింది," అన్నాడు. "మీరేమన్నారు నన్ను?"

"ఏమనలేదు."

"మరి నేనెందుకంటాను? రేపెక్కడైనా వెతుకుదాం."

"నేను వెతుకుతాను. మీకు డ్యూటీ ఉంది."

ఆ రాత్రి ఆమె పడుకుని తొక్కల గురించి ఆలోచించింది. మందు లేని చెత్త కావాలి. మనుషులు నోట్లో పెట్టుకునేవాటి చెత్తే అయుండాలి.

పొద్దున్నే జ్యూసు కొట్టుకు వెళ్లింది. కొట్టు ముందు ఇద్దరు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

"ఏం కావాలి అత్తా? బత్తాయా, అనాసా?"

"తొక్కలు కావాలి."

"తొక్కలెందుకు?"

"తొక్కలు నువ్వే ఉంచుకో. వాటిలో పురుగులుంటే అవి కావాలి."

వాళ్లలో ఒకతను గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. కొట్టతను చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చేశాడు. "అత్తా, మెల్లగా. నా పొట్ట కొట్టకు. ఎవరికి పురుగులు?"

"మా ఇంట్లో కడుపుతో ఉంది. ఏడు రోజులైంది తిండి ముట్టక."

అతను నోరు తెరిచాడు. "అమ్మాయికా? డాక్టరు పెట్టమన్నాడా?"

"మా అమ్మాయి నాలుగు పూటలు తింటోంది. ఊసరవెల్లికయ్యా."

గ్లాసు పెట్టేసినతను మళ్లీ తీసుకుని, సంగతి తెలిసేదాకా కదిలేలా లేడు. కొట్టతను ఆమెను వెనక సందులోకి లాక్కుపోయాడు. అక్కడ తొక్కల డ్రమ్ము ఉంది. ఆమె మూత తీయలేదు. ముందు అడగాల్సినవి అడిగింది.

"బొద్దింకల మందు కొడతావా?"

"లోపల కొడతాను. ఇక్కడ కొట్టను. ఇక్కడ కొట్టి ఎవరిని ఉద్ధరించాలి?"

"డ్రమ్ము దేంతో కడుగుతావు?"

"కడిగితే కదా."

"మంచి పని చేశావు. పళ్లు?"

"ఉప్పునీళ్లలో నానబెట్టి కడుగుతాను. అది మాత్రం ఒట్టు. తాగేవాళ్లు నా మీద నమ్మకంతో తాగుతారు."

అప్పుడు మూత తీసింది. పై తొక్కలు తొలగించింది. ఒక బత్తాయి తొక్క తీసి వెలుగుకు పట్టింది. లోపలి తెల్లదంతా గీకేసి ఉంది. పైపొర మాత్రం చెక్కు చెదరకుండా, కాయితంలా మిగిలింది. కన్నం లేదు. ఇది కొరికే నోరు కాదు, గీకే నోరు. బట్టను ఎందుకు ముట్టలేదో ఇప్పుడు తెలిసింది. ఆమెకు నవ్వొచ్చింది.

ముప్పయ్యి ఏరింది. ఒక్కొక్కదాన్నీ అద్దం కింద పెట్టి మడతలు లెక్కపెట్టి మరీ ఏరింది. కొట్టతను పక్కన నిలబడి, "కోటు కుట్టడానికి కూడా ఇంత చూడవేమో అత్తా," అన్నాడు.

"కోటు తినదుగా."

ఇంటికొచ్చి వాటిని కడిగి, శుభ్రమైన గోధుమ తవుడులో ఒక రోజంతా ఉంచింది. పాత తిండి ఏమన్నా ఉంటే పోతుంది. ఆ రోజు వచ్చిన కోటుకు కన్నం చూసి చిమ్మట అంది కాని, మూడుసార్లు లేచి వెళ్లి తవుడు డబ్బా చూసివచ్చింది.

నాలుగో రోజు ఉదయం ముగ్గురూ పైగదిలో ఉన్నారు. అల్లుడు డ్యూటీకి ఆలస్యంగా వస్తానని ఫోను చేశాడు. ఎవరికి బాగాలేదని అడిగారట. మా ఇంటి పెద్దావిడకి అన్నాడట.

"నన్నేనా?" అంది ఆమె.

"వయసు లెక్కన కాదండీ. హోదా లెక్కన. దొరసానికి."

కూతురు నవ్వాపుకోలేక వంటగదిలోకి పోయింది.

అల్లుడు ఒక తెల్లటి గరిటెలో పురుగును పెట్టి వల తలుపు తీశాడు. పురుగు గరిటె అంచుదాకా పాకింది. దొరసాని ఒక కన్ను కిందికి తిప్పింది. రెండోది కిటికీ బయట ఉంది. చాలాసేపు అలాగే ఉంది. అల్లుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. లిఫ్టు మోటారు గదిలో గంటల తరబడి నిలకడగా పనిచేసే చెయ్యి అది.

"ఇటివ్వండి," అంది ఆమె.

అతను గరిటె ఇచ్చాడు. ఆమె చెయ్యి కదలలేదు. ముప్పయ్యేళ్లు వెంట్రుకంత దారాన్ని పట్టుకున్న చెయ్యి. పురుగు మరోసారి మెలి తిరిగింది. రెండో కన్ను కిటికీ వదిలేసి వచ్చింది. ఇప్పుడు రెండు కళ్లూ ఒకే చోట ఉన్నాయి.

టప్ మంది. గరిటె ఖాళీగా ఉంది.

దొరసాని నమిలింది. తీరిగ్గా, ఎవరి కోసమూ తొందరలేనట్టు నమిలింది. మింగింది. రెండు కళ్లూ మళ్లీ గరిటె వైపే తిరిగాయి.

అల్లుడు నేల మీద కూలబడ్డాడు. "తినేసిందండీ," అన్నాడు, కింద ఉన్నవాళ్లకెవరికో చెబుతున్నట్టు. వంటగదిలోంచి కూతురు, "నేను చూడలేదు, మళ్లీ తినమను," అంది.

"అదేమన్నా నీ మొగుడా, మళ్లీ తినమంటే తినడానికి?" అంది ఆమె. తర్వాత అల్లుడు అక్కడే ఉన్నాడని గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు దొరసాని కాస్త రంగు మారింది.

రెండోది తిన్నది. మూడోది తిన్నది. అల్లుడు తవుడులోంచి నాలుగోదాన్ని తీసి ఇవ్వబోయాడు.

"అది వద్దండి," అంది ఆమె, భూతద్దం వెతుక్కుంటూ. "చూడండి, నల్లబడుతోంది. ఇక తొడుగు కడుతుంది. దాన్ని పెరట్లో వదిలేయండి, ఈగై పోతుంది. తెల్లటిది తీయండి."

అతను నల్లబడిన పురుగును అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆమె గరిటె పట్టుకుని, చెయ్యి కదలకుండా, అతను తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడింది. దొరసాని గరిటెనే చూస్తోంది.